పచ్చళ్ళ వీధి బల్లి స్టాండు: ఒక వీధి సాక్షి చిట్టా

నమోదు 1

అల్ప విరామ శాఖ వారికి పచ్చళ్ళ వీధి సాక్షి కొల్లాటి పైడయ్య నమస్కరించి రాయునది. నేను చదివింది ఏడో తరగతి. ఆ తర్వాత సముద్రం వచ్చి బడిని తీసుకుపోయింది కాబట్టి అందులో నా తప్పేమీ లేదు. ఇందులో తప్పులుంటే మన్నించండి, సంతోషం మాత్రం వదలకుండా చదవండి.

ఇవాళ పొద్దున పోటు దిగాక మా వీధి గోడకి కొత్త సైకిల్ స్టాండు బిగించారు. దాన్ని తయారుచేసింది మీ శాఖలోనే పనిచేసే మా అమ్మాయి తరంగిణి. ఈ సంగతి మొదటి పేజీలోనే రాయొద్దని అమ్మాయి మరీ మరీ చెప్పింది. సాక్షి అన్నవాడు ఎవరి పక్షమూ ఉండకూడదట. నేను ఎవరి పక్షమూ లేను. కాని మావుళ్ళమ్మ తల్లి తోడు, ఇలాంటి స్టాండు ఈ భూమ్మీద, అంటే మిగిలిన భూమ్మీద, ఇంకెక్కడా లేదు.

ముందు చక్రాన్ని దాని నోట్లో పెడితే చాలు, పట్టుకుని సైకిలు మొత్తాన్ని నిలువునా గోడకి ఎత్తేస్తుంది. మన పని చూసుకుని వచ్చి అరచెయ్యి ఆనిస్తే మళ్ళీ కిందికి దించుతుంది. ఒక సైకిలు అడ్డంగా పట్టే చోట ఎనిమిది సైకిళ్ళు నిలువుగా పట్టేస్తాయి. సాయంత్రానికల్లా జనం దానికి బల్లి స్టాండు అని పేరు పెట్టేశారు. కర్రీ పాయింటు అనసూయమ్మ గారికి ఒక్క అనుమానం వచ్చింది. సైకిలు దిగేటప్పుడు కుడి భుజానికి తగిలితే శుభమా, ఎడమ భుజానికి తగిలితే శుభమా అని అడిగింది. అమ్మాయి ఎవరికీ తగలకుండా తయారుచేశానని చెప్పింది. అనసూయమ్మ గారికి కొంచెం నిరాశ కలిగినట్టుంది.

దసరా దాకా పరీక్ష. వీధి చివర స్తంభం మీద శాఖ వారు ఒక కన్ను పెట్టారు. సైకిలు వీధిలోకి వచ్చిన దగ్గర నుంచి వీధి దాటే దాకా అది చూస్తూ ఉంటుంది. చట్టం ప్రకారం అల్ప విరామం అంటే ఒక కూర పొట్లం కట్టించుకునేంత సేపు. సగటున జనం అంతకంటే తక్కువ ఆగితే సముద్రం మీద స్తంభాలెత్తి కట్టుకున్న మా మిట్ట భీమవరంలో వీధి వీధికీ బల్లులే, అమ్మాయి ఉద్యోగం ఖాయం. ఎక్కువ ఆగితే మాత్రం రేవు చివర గాలిగోపురం కడతారు. ఊరందరి సైకిళ్ళూ అందులో పెట్టి కూరకైనా, మందుబిళ్ళకైనా పలకల మీద నడిచి రావాలి. అమ్మాయిని పూర్ణ విరామ శాఖకి బదిలీ చేస్తారు. అంటే నడిసముద్రంలో దిమ్మ మీద తుక్కు సైకిళ్ళకి కాపలా. అక్కడికి పడవ పున్నమికీ అమావాస్యకీ మాత్రమే వెళుతుంది.

అలా ఎందుకు జరుగుతుంది, జరగదు. నేను ఉన్నాను కదా.

నమోదు 2

మూడు వారాలుగా సాక్షి విధి నిర్వహిస్తున్నాను. పొద్దున్నే లేచి సైకిల్ గొలుసుకి కొబ్బరినూనె రాస్తాను. ఉప్పుగాలికి ఒక్క పూట మరిచిపోయినా తుప్పు పట్టేస్తుంది. డాబా మీద వాన తొట్టి మూత తీస్తాను, ఎండురొయ్యలు తిరగేస్తాను, ఉతికిన పంచె కట్టుకుని పచ్చళ్ళ వీధికి వెళ్ళిపోతాను. మా ఆవిడ రాఘవమ్మ అంటుంది, ఐసు ఫ్యాక్టరీలో మేస్త్రీగా చేసినన్నాళ్ళూ ఒక్క రోజైనా ఇంత పెందరాళే వెళ్ళలేదని. ఆ ఐసు మా అమ్మాయి తయారుచెయ్యలేదు కదా.

స్టాండు పని చూస్తుంటే ఒళ్ళు పులకరిస్తుంది. వచ్చిన వాళ్ళు వచ్చినట్టే సైకిలు దాని నోట్లో పెట్టి అంగడికి వెళ్ళి, పని ముగించుకుని వచ్చి సైకిలు దింపుకుంటున్నారు. ఒక కాలు పెడలు మీద, ఒక కాలు నేల మీద, రెండు చేతులూ హ్యాండిలు మీద పెట్టి బయలుదేరబోతున్న సమయంలో నేను ఎదురెళ్ళి స్టాండు ఎలా ఉందని అడుగుతాను. సాక్షి అన్నవాడు అడగాలి. బాగుందండి అంటారు. దీన్ని ఎవరు తయారుచేశారో తెలుసా అంటాను. తెలియదండి అంటారు. తెలిసిన వాళ్ళు కూడా తెలియదండి అంటారు, అంత మర్యాదస్తులు. అప్పుడు మొదలుపెడతాను. అమ్మాయి చిన్నప్పుడు గోడ మీద బల్లిని చూస్తూ అన్నం తినడం మరిచిపోయిన రోజు నుంచి చెప్పాలి కదా, లేకపోతే అర్థం కాదు.

వెళ్ళొస్తానండి అంటారు. మంచిదండి అంటాను. అన్నాక మా మోకాళ్ళ సంగతి అడుగుతారు. వాళ్ళ కోడలికి నెలలు నిండిన సంగతి చెబుతారు. ఉంటానండి అంటారు. మరిచిపోయాను అంటూ మళ్ళీ ఇంకొకటి మొదలవుతుంది. ఈలోగా వెనక వచ్చిన వాళ్ళు బెల్లు కొడతారు. ఎవరా అని తిరిగి చూస్తే తెలిసిన వాళ్ళే ఉంటారు. వాళ్ళూ ఒక కాలు దించుతారు.

వీధి కళకళలాడుతోంది. పరీక్ష దిగ్విజయంగా నడుస్తున్నదని సాక్షి అభిప్రాయం.

నమోదు 3

కన్ను పంపిన లెక్క వచ్చింది. స్టాండు లేనప్పటి కంటే స్టాండు వచ్చాక జనం రెట్టింపు సేపు ఆగుతున్నారట. కన్నుకి ఏదో దోషం ఉండి ఉంటుందని నేను అన్నాను. అమ్మాయి ఆ లెక్కనే మళ్ళీ మళ్ళీ చదువుకుంటోంది. దాని పళ్ళెంలో పులుసు చల్లారిపోయింది.

మర్నాడు శాఖాధిపతి పురుషోత్తం గారు స్వయంగా దయచేశారు. సన్నగా, ఇస్త్రీ నలగని మనిషి. గాలిగోపురం బొమ్మ గీసింది ఆయనే. అయినా న్యాయంగా స్టాండుకి ఒక అవకాశం ఇస్తానన్నారు. జనానికి వెళ్ళమని చెప్పేవాళ్ళు లేకే ఆగిపోతున్నారని తేల్చి, స్టాండుకి ఒక గొంతు పెట్టించారు. సైకిలు దిగగానే అది "మీ పని అయిపోయింది. ఇక బయలుదేరండి" అంటుంది.

మొదటి రోజే గొడవయింది. పండూ ఫలమూ పట్టుకుని పోతున్న పెద్దమనిషిని పట్టుకుని ఆ మాట అనేసరికి ఆయన సైకిలు దిగిపోయారు. నా పని అయిందో లేదో నాకు తెలియదా అని స్టాండుని అడిగారు. అనసూయమ్మ గారు గరిటెతో సహా బయటికి వచ్చింది.

"వచ్చినోళ్ళని ఇలా పొమ్మంటారాండీ ఎక్కడైనా? ఏ ఊరి గొంతండీ ఇది, పెంపకం తెలీదు."

ఆ గొంతు పెంపకం గురించి వీధి వీధంతా నిలబడి మాట్లాడుకుంది. పురుషోత్తం గారు తగ్గి, మెత్తటి గొంతు పెట్టించారు. అది "వెళ్ళి రండి, జాగ్రత్తండి" అంటుంది. దానికి అందరూ బదులు చెప్పడం మొదలుపెట్టారు. మర్యాదగా ఒకరు పలకరిస్తే ఊరుకుని పోయేవాళ్ళు మా ఊళ్ళో లేరు. ఒక ముసలావిడ, నీదేవూరమ్మా, మీ వాళ్ళు ఎవరమ్మా అని అడిగి, జవాబు వచ్చేదాకా నిలబడింది. గొంతు జాగ్రత్తండి అంటూనే ఉంది. పాపం ఏదో కష్టంలో ఉన్నట్టుంది, చెప్పలేకపోతోంది అని ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

నమోదు 4

గొంతు తీసేసి కూత పెట్టారు. ఆగిన సైకిలు కదలకపోతే స్టాండు పడవ బూరలా కూస్తుంది. కూయగానే రెండు వైపులా తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఏమైందని అడగడానికి జనం, ఏమీ కాలేదని చెప్పడానికి జనం.

కూత తీసేసి బోర్డు పెట్టారు. అందులో ఆగకూడదని పదకొండు నిబంధనలు సన్నటి అక్షరాలతో ఉన్నాయి. చదవాలంటే ఆగాలి. కళ్ళజోడు మరిచిపోయిన వాళ్ళకి నేను చదివి వినిపించాను. ఏడో నిబంధన అర్థం పురుషోత్తం గారికి కూడా సరిగా తెలియదని ఆయన్ని అడిగితే తేలింది. దాని మీద ఒక పూట చర్చ జరిగింది. చాలా చక్కటి చర్చ. ఆ రోజు వీధి చివరి వంతెన అవతలి వాళ్ళు ఇవతలికి రాలేకపోయారు. ఆసుపత్రి నర్సు సైకిలు భుజాన వేసుకుని పిట్టగోడ మీద నడిచి వెళ్ళింది. అది చూసి మాత్రం నాకు నవ్వు రాలేదు.

లెక్క ఇంకా పెరిగింది. పురుషోత్తం గారు రేవు చివర కొలతలు తీయిస్తున్నారని అనసూయమ్మ గారు చెప్పింది. మా ఆవిడ అమ్మాయికి దిమ్మ మీద తినడానికి పాడవని పచ్చళ్ళు ఏవని ఆలోచించడం మొదలుపెట్టింది. ఆ ఆలోచన ఇంట్లో పైకి చేయొద్దని గట్టిగా అన్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను ఆవిడ మీద గట్టిగా మాట్లాడింది తక్కువ. ఆవిడ ఆశ్చర్యపోయి, సరే అంది.

నమోదు 5

అమ్మాయి రెండు రోజులు సెలవు పెట్టి కన్ను తీసిన బొమ్మలన్నీ ముందేసుకుని కూర్చుంది. ఇవాళ సాయంత్రం నన్ను డాబా మీదికి పిలిచింది. రొయ్యలు ఎత్తడానికి అనుకున్నాను.

స్టాండులో ఏ లోపమూ లేదట. జనం కూర పొట్లం కట్టేలోపే వచ్చి సైకిలు దింపుకుంటున్నారట. నాకు తెలుసు అన్నాను. ఆలస్యమంతా దింపుకున్న తర్వాతే అంది. వెళ్ళొస్తానన్న మాటకీ చక్రం కదలడానికీ మధ్యనే ఉందట అసలు సంగతంతా.

"ఇంకోటి కూడా ఉంది నాన్నా. ప్రతి గుంపులోనూ ఒకటే పంచె కనిపిస్తోంది."

బొమ్మల్లో బాగా పడ్డానా అని అడిగాను. అడిగాక అమ్మాయి మొహం చూశాను. అప్పుడు అర్థమైంది. రాఘవమ్మ మెట్ల మీదే ఆగిపోయింది.

పురుషోత్తం గారు కూడా ఆ బొమ్మలు చూశారట. వీధిలో ఉన్న స్థిర అవరోధాన్ని తొలగించమని ఆజ్ఞ రాశారట. దాని మీద స్టాండు తయారుచేసిన వాళ్ళు సంతకం పెట్టాలి. అమ్మాయి పెట్టనని వచ్చేసిందట.

"నిన్ను అవరోధం అని నేను రాయాలా? వాళ్ళ దిమ్మ మీదకే పోతాను. అక్కడ మాట్లాడేవాళ్ళు లేకపోతే పోయె."

"రాయమ్మా," అన్నాను. "స్థిర అవరోధం అంటే పెద్ద మాటే కదా. ఐసు ఫ్యాక్టరీలో నన్నెవరూ అంత పెద్ద మాట అనలేదు."

అమ్మాయి నవ్వలేదు. నవ్విస్తానన్న ధీమాతో అన్నాను, కుదరలేదు. నువ్వు ఏం చేశావో నలుగురికీ చెప్పకుండా ఉండలేకపోయాను తల్లీ, నోరు నా మాట వినదు, కాళ్ళైతే వింటాయి, రేపటి నుంచి ఇంట్లో ఉంటాను అని చెప్పాను. అది నా భుజం మీద తల పెట్టుకుంది. పెద్దయ్యాక అలా పెట్టుకోవడం ఇదే మొదటిసారి. సంతకం పెట్టింది. పక్కన సాక్షిగా నేనూ పెట్టాను, వీధి సాక్షిని నేనే కాబట్టి.

నమోదు 6

ఇంటి నుంచి రాస్తున్నాను. వీధి సంగతులు రాఘవమ్మ, అనసూయమ్మ గారు చెప్పగా విన్నవి.

నేను లేని మొదటి రోజు లెక్క తగ్గుతుందని ఎదురుచూశాం. తగ్గలేదు, పెరిగింది. సైకిలు దింపుకున్న ప్రతివాళ్ళూ అటూ ఇటూ చూసి, పైడయ్య గారు రాలేదేంటని అడుగుతున్నారట. పక్కవాళ్ళు తమకి తెలియదంటున్నారట. తెలియదు అనడానికి మా వాళ్ళకి తెలిసిందాని కంటే ఎక్కువ సేపు పడుతుంది. మధ్యాహ్నానికి నాకు జ్వరమన్నారు. సాయంత్రానికి పోటులో కాలు జారానన్నారు. మర్నాడు ఒకరు నా గురించి చాలా మంచి మనిషండీ పాపం అని మొదలుపెట్టారట. దాంతో అందరూ ఒక్కొక్క మాట చెప్పుకున్నారు. అనసూయమ్మ గారు కొట్టు కట్టేసి ఏడ్చిందట. ఏడ్చాక ఎందుకైనా మంచిదని వచ్చి చూసింది. నేను రొయ్యలు ఒలుస్తున్నాను.

"ఉన్నారాండీ? మరి చెప్పద్దాండీ? వంకాయ కూర మాడిపోయింది మీకోసం."

తర్వాత అందరూ చూడటానికి రావడం మొదలైంది. మా వీధిలో స్టాండు లేదు. సైకిళ్ళన్నీ అడ్డంగా ఆనించి, దారి మొత్తం మూసేసి పైకి వచ్చారు. పళ్ళు తెచ్చారు. వెళ్ళొస్తామని గుమ్మంలో ఒకసారి, మెట్ల మీద ఒకసారి, సైకిళ్ళ దగ్గర ఒకసారి చెప్పారు. ఇప్పుడు రెండు వీధులు బందయ్యాయి. అవరోధం ఇల్లు మారిందని శాఖలో రాసుకున్నారట.

సంతోషించాలో ఏడవాలో తెలియడం లేదు. దసరా దగ్గరికి వచ్చేసింది. రాఘవమ్మ ఉసిరికాయ పచ్చడి పెడుతోంది. ఎందుకని నేను అడగలేదు.

నమోదు 7

అమ్మాయి నాతో వీధికి రమ్మంది. నిషేధం ఉంది కదా అన్నాను. వీధి అంచు దాటి, నీళ్ళ వైపు ఉంటే వీధిలో లేనట్టే అంది. అక్కడ ఏం చేసిందో చూసి నాకు నోట మాట రాలేదు. ఇది అరుదు కాబట్టి నమోదు చేస్తున్నాను.

పిట్టగోడ తీసేసి, వీధి అంచు పొడవునా నీళ్ళ మీదికి ఒక పలక వరస వేసింది. దానికి మోకాలి ఎత్తున ఒక వెదురు బొంగు కట్టింది. అంతే. స్టాండులో ఉన్న మరలు, పిడులు ఏవీ ఇందులో లేవు. సైకిలు దింపుకున్న వాళ్ళు మామూలుగానే ఒక కాలు పెడలు మీద పెట్టుకుని, రెండో కాలికి ఆసరా కోసం వెతుక్కుంటూ తెలియకుండానే ఆ బొంగు దగ్గరికి జరిగారు. కాలు దాని మీద పెట్టారు. దారి ఖాళీ అయింది. వెనక నుంచి ఆసుపత్రి నర్సు బెల్లు కూడా కొట్టకుండా వెళ్ళిపోయింది.

"మనవాళ్ళని కదిలించే స్టాండు ఎవరూ చెయ్యలేరు నాన్నా. నేను అది చెయ్యాలని చూశాను. నిలబడ్డానికి చోటిస్తే దారైనా మిగుల్తుంది."

పురుషోత్తం గారు పరుగున వచ్చారు. దారి ఖాళీ అయినా కన్ను లెక్క తగ్గలేదన్నారు. బొంగు మీద కాలు పెట్టుకున్న వాళ్ళు వీధి దాటలేదు కదా. పైగా చట్టంలో దీనికి చోటు లేదన్నారు. సైకిలు మీద మనిషి లేకపోతే ఆగిన సైకిలు, మనిషి ఉంటే నడుస్తున్న సైకిలు. వీళ్ళు సైకిలు మీద ఉన్నారు, నడవడం లేదు. ఇలాంటి వాళ్ళు ప్రపంచంలో లేనట్టే చట్టం రాశారు. సాయంత్రానికి బొంగు తీసేయమని చెప్పి, వెళ్ళొస్తానని సైకిలెక్కారు.

అనసూయమ్మ గారు ఆయనకి ఒక కూర పొట్లం అందిస్తూ, మీ మేనత్తది కాళీపట్నం కాదూ అని అడిగింది. ఆయన కాదన్నారు. ఆవిడ ఎవరనుకుందో చెప్పింది. ఆ మనిషి ఆయనకీ తెలుసు. ఆయన కాలు బొంగు మీదికి ఎప్పుడు వెళ్ళిందో ఎవరూ చూడలేదు. మాటల్లోనే, మునిగిపోయిన కాళీపట్నంలో ఆ మనిషి ఇంటి వెనక బాదంచెట్టు దాకా వెళ్ళారు ఇద్దరూ. ఇస్త్రీ నలిగింది. నీళ్ళు పాటు నుంచి పోటుకి తిరిగాయి. నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఈ పరీక్ష మొత్తంలో నేను చేసిన ఘనకార్యం అదే.

రాత్రి కన్ను లెక్క పంపింది. పరీక్ష మొదలైన నాటి నుంచి ఈ వీధిలో ఒకే చోట కదలకుండా అందరికంటే ఎక్కువ సేపు ఆగిన వ్యక్తి శాఖాధిపతి. స్థిర అవరోధం కంటే ఎక్కువ. ఆజ్ఞ ప్రకారం ఆయన్ని ఆయనే తొలగించుకోవాలి.

నమోదు 8, విజయదశమి

సంబరంలో గబగబా రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే మన్నించండి.

పురుషోత్తం గారు తన పేరున నమోదైన ఆ లెక్కని ఏం చేయాలో తెలియక మూడు రోజులు గది తలుపు వేసుకున్నారట. నాలుగో రోజు చట్టానికి ఒక సవరణ రాసుకుని బయటికి వచ్చారు. ఇవాళ వీధిలో పీట వేసుకుని చదివి వినిపించారు. పొల్లుపోకుండా రాస్తున్నాను.

"సైకిలుపై కూర్చొని, హ్యాండిలుపై చేతులుంచి, వెళ్ళొస్తానని నోటితో పలికిన వ్యక్తి, తదుపరి ఎంతసేపు అక్కడ ఉన్నప్పటికీ, వెళ్ళినట్టుగానే పరిగణించవలెను."

కన్నుకి కూడా అలాగే నేర్పారు. పాత బొమ్మలన్నీ మళ్ళీ లెక్క కట్టింది. జనం సగటున ఆగింది కూర పొట్లం కట్టేంత సేపు కూడా కాదు, అందులో ఉప్పు చూసేంత సేపట. నగరంలో ఇంత త్వరగా కదిలే వీధి ఇంకొకటి లేదట. పురుషోత్తం గారు ఎన్నడూ ఆగలేదని కూడా తేలింది. వీధి వీధికీ బల్లి స్టాండు, దాని పక్కన వెదురు బొంగు మంజూరు చేశారు. గాలిగోపురం బొమ్మని చుట్టచుట్టి చంకలో పెట్టుకున్నారు. అమ్మాయి ఉద్యోగం ఖాయం. రాఘవమ్మ ఉసిరికాయ పచ్చడి జాడీని తెచ్చి వీధి మధ్యలో మూత తీసింది. అందరికీ పెట్టింది, కన్ను ఉన్న స్తంభానికి కూడా బొట్టు పెట్టింది.

నా నిషేధం ఎత్తేశారు. ఒక్క షరతు పెట్టారు. వీధిలోకి వచ్చేటప్పుడే సైకిలు మీద కూర్చుని వెళ్ళొస్తానని చెప్పి రావాలి. ఆ తర్వాత నా ఇష్టం. వస్తూనే ఆ మాట అనడానికి మొదట నోరు రాలేదు. అమ్మాయి పక్కన నిలబడి, "అనేయ్ నాన్నా, అను," అంది. అన్నాను. అన్న తర్వాత స్టాండు ఎవరు తయారుచేశారో తెలియని వాళ్ళు ఇంకా ఎవరైనా మిగిలారేమోనని ఒక చేత్తో సైకిలూ, ఒక చేత్తో అమ్మాయి చెయ్యీ పట్టుకుని ముందుకి నడిచాను.

ఇవాళ సాయంత్రం సర్కారు లెక్క ప్రకారం పచ్చళ్ళ వీధిలో ఒక్క మనిషి కూడా లేడు. బొంగు ఈ చివర నుంచి ఆ చివర దాకా వెతికినా నాకు కాలు పెట్టుకోవడానికి చోటు దొరకలేదు.